డ్రెస్సప్ గేముల్లో "మీది కాని వేషం వేయొద్దు" అనే నియమం పెట్టాలా, వద్దా?

గాజులపెట్టె (చర్చ మొదలు)

మన డ్రెస్సప్ గుంపులో బొమ్మలకి బట్టలు వేసి పెట్టేవాళ్ళే కాదు, సొంతంగా బట్టలు గీసి కేటలాగ్‌లో చేర్చేవాళ్ళూ పెరిగారు. దాంతోపాటే గొడవలూ పెరిగాయి. ఈ మధ్య పెద్దవి రెండు. లంబాడీ లంగా గీసినవారు దానికి "జిప్సీ స్కర్ట్" అని ట్యాగ్ పెట్టారు. ఇంకొకరు ఈకల తలపాగా పెట్టిన బొమ్మని "వైల్డ్ పార్టీ లుక్" అన్నారు. రెంటి కిందా తిట్లు, బ్లాకులు, కొందరు గుంపు వదిలి వెళ్ళిపోవడం అయ్యాయి.

మోడరేటర్లలో కొందరి ప్రతిపాదన: "మీ సంస్కృతికి చెందని సంప్రదాయ దుస్తులు గీయరాదు, బొమ్మకి వేయరాదు. అడిగితే మీ నేపథ్యం తెలపాలి." ఓటుకి వెళ్ళేలోపు దీని మంచిచెడ్డలు ఇక్కడ తేలాలి. గీసేవాళ్ళు, మోడరేషన్ చూసేవాళ్ళు వివరంగా రాయండి.

కొంగుముడి

ప్రతిపాదన రాసినవాళ్ళలో నేనొకణ్ణి. ఎందుకు రాశామో చెప్తాను.

ఈకల తలపాగా సంగతే తీసుకోండి. ఉత్తర అమెరికా మైదాన ప్రాంతంలోని లకోటా, షయాన్ లాంటి జాతుల్లో అది సంపాదించుకోవాల్సిన గౌరవం. బాల్డ్ ఈగిల్ ఈకలు దగ్గర ఉంచుకోవడం మీద అక్కడ చట్టపరమైన ఆంక్షలు కూడా ఉన్నాయి. 2015లో మాంట్రియల్ ఒషెయాగా సంగీతోత్సవంలో ప్రేక్షకులు వాటిని పెట్టుకురాకూడదని నిర్వాహకులే నిషేధించారు. మన కేటలాగ్‌లో మాత్రం అది టోపీల స్లాట్‌లో (బొమ్మ మీద టోపీలకి కేటాయించిన చోటులో), పుట్టినరోజు టోపీ పక్కన ఉంది.

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ముఖం మీద ఉండే పచ్చబొట్టు, తా మోకో, కూడా అంతే. అందులో ఆ మనిషి వంశం, స్థానం ఉంటాయి. బయటివాళ్ళ కోసం వాళ్ళే కిరిటుహి అని వేరే తరహా చిత్రణ పెట్టుకున్నారు. మనవాళ్ళేమో ఇంటర్నెట్‌లో దొరికిన నిజమైన మనిషి ముఖాన్ని చూసి గీసి "ట్రైబల్ టాటూ 3" అని పెట్టేస్తున్నారు.

ఒక్కొక్కటీ విడిగా తేలుద్దామంటే సోమవారం ఒక మోడరేటర్ ఉంచిన వస్తువుని గురువారం ఇంకొకరు తీసేస్తారు. అప్పుడు పక్షపాతం అన్న మాట పడుతుంది. నియమం సూటిగా ఉంటే ఆ బాధ ఉండదు.

పిక్సెల్‌పట్టు

కొంగుముడి గారూ, మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ ఒప్పుకుంటాను. కానీ వాటి కోసం ఈ నియమం పెట్టడం ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టడం.

"నేపథ్యం తెలపాలి" అన్నారు. ఎవరు తెలపాలి? ఈ ఆటలు ఆడేవాళ్ళలో పిల్లలు చాలామంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళు నిండని ప్రతివారినీ పిల్లల కిందే లెక్కవేస్తుంది. వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మతం, కులం, తెగ వివరాలు ఒక మోడరేటర్‌కి ప్రైవేటు మెసేజ్‌లో పంపమని పిల్లని అడగడం ఏ లంగా ట్యాగ్ కన్నా పెద్ద హాని. పైగా చెప్పినదాన్ని సరిచూసే దారి ఎవరి దగ్గరా లేదు. అబద్ధం చెప్పినవాళ్ళు వేసుకుంటారు, నిజం చెప్పినవాళ్ళు ఆగిపోతారు.

"ఇది ఎవరిది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎక్కడ తేలుతుందో 2020లో చూశాం. షైనింగ్ నిక్కీ అనే డ్రెస్సప్ గేమ్ అక్టోబరు చివర్లో కొరియాలో విడుదలైంది. ఆ సందర్భంగా కొరియా సంప్రదాయ దుస్తులైన హాన్‌బోక్ సెట్ ఇచ్చారు. అది మా దేశపు దుస్తులే అని చైనా ఆటగాళ్ళు కొందరు పట్టుబట్టారు, కాదని కొరియావాళ్ళు తిరగబడ్డారు. కంపెనీ చైనాది. ముందు హాన్‌బోక్‌ని తీసేసింది, తర్వాత, విడుదలై పది రోజులైనా కాకముందే, కొరియాలో సర్వీసే ఆపేస్తున్నామని ప్రకటించింది. డిసెంబరులో సర్వర్లు మూసేశారు. ఆటగాళ్ళు డబ్బు పెట్టి కొన్న బట్టలు ఆటతోపాటే పోయాయి. జాకెట్ కుట్టు, రిబ్బన్ ముడి గురించి మాట్లాడాల్సిన చోట సరిహద్దుల గురించి మాట్లాడుకున్నారు.

నేను అడిగేది వేరే. వేసేవాళ్ళ పుట్టుక మీద నియమం వద్దు. వస్తువు మీద పెట్టండి: దాని పేరు, స్లాట్, గీత సరిగా ఉన్నాయా లేదా.

గీత అంటున్నాను కాబట్టి ఒక్క లోపం చూపిస్తాను. దీన్ని ఎవరూ రిపోర్ట్ చేయరు. చాలా ఆటల్లో బొమ్మని అటూ ఇటూ తిప్పే మీట ఉంటుంది. అది కొత్త బొమ్మ గీయదు, ఉన్నదాన్నే అద్దంలోలా తిప్పేస్తుంది. నివీ కట్టులో ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదకి వస్తుంది. చీర విషయంలో అది వింతగా కనిపించడంతో సరిపోతుంది. కిమోనోలో సరిపోదు. కిమోనోలో ఎడమ అంచు కుడి అంచు మీదకి రావాలి. కుడిది పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి. మీట నొక్కిన పాపకి ఆ సంగతి తెలియదు. జపాన్ సభ్యులు చూసి గతుక్కుమంటారు, కింద తిట్లు మొదలవుతాయి. మందు తిట్లలో లేదు. మెడ అంచు భాగాన్ని వేరే లేయర్‌గా (విడి పొరగా) గీసి, బొమ్మ తిరిగినప్పుడు ఆ లేయర్‌కి విడిగా రెండో చిత్రం ఇవ్వాలి. అరగంట పని.

హిజాబ్‌ని టోపీల స్లాట్‌లో పెట్టడం ఇంకో తప్పు. వెనక జుట్టు లేయర్ అలాగే ఉండిపోయి, హిజాబ్ కింద నుంచి నడుము దాకా జడ వేలాడుతుంది. దానికి "వెనక జుట్టు, చెవులు దాచు" అన్న గుర్తు పెట్టాలి. బొట్టుని కళ్ళజోడు స్లాట్‌లో పెట్టకండి, జోడు పెట్టగానే బొట్టు పోతుంది.

చామనఛాయ

బట్టల దగ్గరే ఆగిపోయారు. బట్ట తొడిగే ఒంటి సంగతి ఎవరు చూస్తారు?

అందరికీ చోటివ్వాలంటున్న మన కేటలాగ్‌లో ఒంటి రంగులు నాలుగు. మూడు తెలుపు వైపే. 2022లో గూగుల్ బయటపెట్టిన మంక్ స్కేల్‌లో 10 ఛాయలున్నాయి, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఉన్న ఆ ఒక్క నలుపూ సరిగా లేదు. గులాబీ ఒంటి మీద గోధుమ రంగు లేయర్‌ని మల్టిప్లై పద్ధతిలో (పై రంగుని కింది రంగుతో కలిపి ముదురు చేసే పద్ధతి) వేసేశారు. అసలు బొమ్మలో నీడలు నీలం బూడిద కలిసినవి కాబట్టి పైన గోధుమ పడగానే బురద రంగయింది. ప్రతి ఛాయకీ నీడ రంగు విడిగా ఎంచుకోవాలి. ముదురు ఒంటికి నీడ ఎర్రటి గోధుమ వైపు వెళ్ళాలి, మెరుపు తెల్లగా కాకుండా వెచ్చగా ఉండాలి. ముక్కు, కనురెప్పల గీతలు నల్లవైతే కనబడవు. అరచేతులు కొంచెం లేతగా ఉండాలి. బుగ్గలకి గులాబీ వేస్తే సుద్ద పూసినట్టుంటుంది, ఇటుక రంగు వేయండి.

కొంగుముడి గారి నియమంలో లేనిది ఒకటి చేర్చమంటాను: ఒంటి రంగుని వేషంలో భాగంగా అమ్మకూడదు. 2016లో డిస్నీ కంపెనీ మోవానా సినిమాలోని మావీ పాత్ర పేరుతో గోధుమ రంగు ఒళ్ళు, పచ్చబొట్లు ముద్రించిన పిల్లల దుస్తులు తెచ్చి, పసిఫిక్ దీవులవాళ్ళ అభ్యంతరంతో వెనక్కి తీసుకుంది. మన దగ్గర "ఆఫ్రికన్ క్వీన్ సెట్" అదే తప్పు చేస్తోంది. సెట్ వేయగానే బొమ్మ ఒళ్ళు నల్లబడుతుంది, తీయగానే తెల్లబడుతుంది. నగలు, బట్ట ఉంచి ఒంటి లేయర్ తీసేయండి చాలు.

తండా_తార

లంబాడీ లంగా ముచ్చట మీద ఇంతమంది మాట్లాడుతున్నరు, మమ్మల్ని ఎవరూ అడగలే. అడగకపోయినా చెప్తున్న.

వేరేవాళ్ళు ఎయ్యొద్దని మేమెవ్వరం అన్లే. అద్దాల పనిని, గవ్వలను, కుట్టును చూసి మురిసి గీస్తే మాకు సంతోషమే. కోపం వచ్చింది "జిప్సీ" అన్నందుకు. ఆ మాట యూరప్‌ల రోమా జనానికి పెట్టిన పేరు, వాళ్ళల్ల చాలామంది దాన్ని తిట్టు లెక్క చూస్తరు. వాళ్ళ మీది తిట్టు తెచ్చి మా లంగాకు అంటిస్తే రెండు జనాలకూ అవమానమే. లంగాను ఫేటియా, రవికెను కాంచళి, తలమీది గుడ్డను టుక్రి అంటరు. ఆ పేర్లే పెట్టుండ్రి. పేరు తెలిస్తే పిల్లలు వెతుక్కుంటరు, నేర్చుకుంటరు.

ఇంకొకటి. సెట్ మొత్తం ఒక్క ముక్కగా గీసిన్రు. మోచెయ్యి పైన ఏసే తెల్ల గాజులు, చెంపల పక్కన ఏలాడే ఘుగ్రి పెండ్లైన ఆడవాళ్ళ గుర్తులు. చిన్నపిల్ల బొమ్మకు సెట్ ఎయ్యంగనే అవి గూడ ఎక్కుతున్నయి. తాళిబొట్టును పదేండ్ల పిల్ల బొమ్మ మెడల ఏస్తే మీకెట్లుంటదో మాకూ గట్లనే ఉంటది. ఏ ముక్కకు ఆ ముక్క ఇడగొట్టుండ్రి. పెండ్లి గుర్తులను పెద్దబొమ్మల స్లాట్‌ల పెట్టుండ్రి.

ఇగ ట్యాగ్ మారిస్తే సరిపోయే దానికి ఆ లంగా గీసిన పిల్లను గుంపుల నుంచి ఎల్లగొట్టిన్రు. అది నాకు నచ్చలే.

రెజెక్స్_రాజు

తార గారు చెప్పిన పేర్లు పెట్టాలంటే ముందు బూతుల్ని ఆపే మన ఫిల్టర్ బాగుపడాలి. మనుషుల పేర్లే దాటడం లేదు. హర్షిత, రక్షిత అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మధ్యలో ఒక నాలుగక్షరాల ఇంగ్లీషు బూతు తగులుతుంది, పేరు నక్షత్రాలైపోతుంది. దీక్షిత్‌ది మరీ ఘోరం. మన ఆడపిల్లలు సొంత పేరుతో ఖాతా తెరవలేకపోతున్నారు. కులం పేరు పెట్టి తిట్టే తెలుగు మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు స్పెల్లింగులతో హాయిగా దాటిపోతున్నాయి.

తెలుగు లిపిలో ఇంకో చిక్కు. పైథాన్ సహా కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో, పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టే పద సరిహద్దు గుర్తు మన గుణింతాలనీ సున్నానీ అక్షరాలుగా లెక్కవేయదు. "కొంగు" అన్న మాట దానికి ఒక క, ఒక గ. అందుకే నిషేధించిన చిన్న ముక్క పెద్ద మాట నడుమ ఇరుక్కుని, మంచి మాటలు కూడా కొట్టేస్తుంది. చేయాల్సింది ఇదీ: ముందు పాఠాన్ని యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతి) ఒకే రూపంలోకి మార్చాలి, కనబడకుండా మధ్యలో దూరే జీరో విడ్త్ గుర్తుల్ని తీసేయాలి, తెలుగుకి కేటాయించిన 128 స్థానాల్లో ఏది వచ్చినా పదంలో భాగమే అని చెప్పాలి. ఆపైన మనుషుల పేర్ల జాబితా ఒకటి మినహాయింపుగా పెట్టాలి.

బొమ్మల ఫిల్టర్‌కీ ఇదే తెలివి. గడప ముగ్గులో, కలశం మీద ఉన్న స్వస్తిక్‌ని నాజీ గుర్తనుకుని తీసేస్తోంది. ఎర్ర నేల, తెల్ల వలయం, ఏటవాలు గుర్తు, మిలిటరీ దుస్తులు కలిసి వస్తే తీసేయాల్సిందే. ముగ్గు, పూర్ణకుంభం పక్కన ఉంటే మనిషి చూసి తేల్చాలి, మెషిన్‌కి వదలకూడదు.

కొంగుముడి

తార గారు చెప్పాక ట్యాగ్ విషయంలో, వేసేవాళ్ళ నేపథ్యం అడిగే విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. ఆ వాక్యం తీసేస్తాం.

ఈకల తలపాగా, తా మోకో విషయంలో తగ్గను. పేరు సరిగా పెట్టినంత మాత్రాన, గీత సరిగా ఉన్నంత మాత్రాన అవి అందరూ వేసుకోదగ్గవి అయిపోవు. ఆయా జనమే వద్దంటున్నారు కదా. వాటికి చిన్న జాబితా ఉండాలి, అందులో ఉన్నవి కేటలాగ్‌లోకి రాకూడదు. దేవుళ్ళ బొమ్మలు ఏం చేద్దాం?

పిక్సెల్‌పట్టు

చిన్న జాబితాకి నేనూ ఒప్పుకుంటాను. ఒక్కో వస్తువు పక్కన కారణం రాసి అందరికీ కనబడేలా పెట్టండి.

దేవుళ్ళ విషయంలో నిషేధం వద్దు. కృష్ణాష్టమికి ఇంటింటా పిల్లలకి నెమలిపింఛం పెట్టి కృష్ణుడి వేషం వేసేది మనమే. వేషం అవమానం కాదు. అవమానం ఎక్కడో స్లాట్ చెప్తుంది: చెప్పులు, లోదుస్తులు, కాళ్ళ కింది తివాచీ. ఆ మూడు స్లాట్‌లలో ఏ మతానికి చెందిన దేవుడి బొమ్మ, గ్రంథ వాక్యం ముద్రించినా అప్‌లోడ్ దగ్గరే ఆపేయండి. అంతకు మించి మోడరేటర్ వాదించాల్సిన పని ఉండదు.

తీసేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. కేటలాగ్ నుంచి రవికెని చెరిపేస్తే అది వేసిన పాత బొమ్మలన్నీ మర్నాటికి రవికె లేకుండా ఒట్టి ఒంటితో కనబడతాయి. పిల్లల ఆటలో అదో కొత్త తలనొప్పి. అదే నంబరు మీద, అదే ఆకారంలో సాదా రంగు బట్ట పెట్టి, ఆ తర్వాత పాతది తీయాలి.

గాజులపెట్టె

రిపోర్టుల సంగతి మిగిలింది. ఇప్పుడు 5 రిపోర్టులు రాగానే పోస్ట్ దానంతటదే దాగిపోతోంది. పక్క గుంపు నుంచి ఐదుగురు వస్తే ఎవరి బొమ్మనైనా మాయం చేయొచ్చు. వారం నిండని ఖాతాల రిపోర్టులు ఈ లెక్కలోకి రాకూడదని పెడదాం. రిపోర్ట్ ఫారంలో "అభ్యంతరకరం" అన్న ఒక్క గడి బదులు పేరు తప్పు, గీత తప్పు, స్లాట్ తప్పు, జాబితాలోది అని నాలుగు గడులు పెడదాం. మొదటి మూడింటికి గీసినవారికి 48 గంటలు సవరించుకునే గడువు, పోస్ట్ అలాగే ఉంటుంది. నాలుగోదానికి వెంటనే దాచి, ఇద్దరు మోడరేటర్లు చూస్తారు. కింద తిట్టినవాళ్ళ మీద చర్య వేరే, అభ్యంతరం నిజమైనదైనా సరే.

తార గారూ, లంబాడీ దుస్తులు వచ్చినప్పుడు మీరు చూసి చెప్తారా?

తండా_తార

చూస్త. కాని నా ఒక్కదాని మాటనే లంబాడీలందరి మాట అనొద్దు. ఆదిలాబాద్ తండాల కుట్టు వేరు, నల్లగొండ దిక్కు వేరు, అనంతపురం దిక్కు ఇంకో తీరు. రెండు జాగల నుంచి ఇద్దరిని అడుగుండ్రి. ఇద్దరి మాటా కలవకుంటే ఏ ఊరి తీరు గీసిన్రో ఆ ఊరి పేరు ట్యాగ్‌ల పెట్టుండ్రి. చూసి చెప్పినోళ్ళ పేరు గూడ గీసినోళ్ళ పేరు పక్కన రాయుండ్రి, అది గూడ పనే. ముందుగాల ఆ లంగా గీసిన పిల్లను మళ్ళ పిలువుండ్రి. ముక్కలు ఎట్ల ఇడగొట్టాల్నో నేను కూసొని చెప్త.