పెరట్లో కొబ్బరి చెట్ల ఖర్చు ఎవరిది: అద్దెకున్నవాళ్లదా, ఇంటివాళ్లదా?

పెరటిల్లు_అమలాపురం
అమలాపురం పక్క ఊళ్లో అద్దె ఇల్లు, చుట్టూ 12 సెంట్ల పెరడు. 9 కొబ్బరి చెట్లు, 2 మామిడి, ముందు వైపు పూలమొక్కలు. 11 నెలల ఒప్పందంలో దీని గురించి ఒకటే ముక్క ఉంది: "తోట నిర్వహణ అద్దెదారు చూసుకోవాలి." కాయలు మాత్రం ఓనరు గారే దింపించుకుంటారు. ఇప్పుడు ఖాళీ చేసేముందు దింపు కూలీ, ఎరువులు, మోటారు రీవైండింగు (మాడిన తీగచుట్లు మళ్లీ చుట్టించడం), ఎండిపోయిన రెండు కొబ్బరి చెట్ల విలువ అన్నీ అడ్వాన్సులో పట్టుకుంటామంటున్నారు. ఇందులో ఏది ఎవరు పెట్టుకోవాలండి?

ఒప్పందాల_గుమాస్తా
తగువంతా ఆ "నిర్వహణ" అన్న మాటలోనే ఉందండి. ఊడ్చడం, నీళ్లు పెట్టడమేనా, ఎరువూ మందూ కూడానా అన్నది ఎవరూ రాసుకోరు. రాయని చోట 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చూడాలి. ఒప్పందంలోగానీ స్థానిక వాడుకలోగానీ వేరే పద్ధతి లేనప్పుడే అది వర్తిస్తుంది. అంటే ఊరి వాడుకకి చట్టమే చోటిచ్చింది. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పాలని అదే సెక్షన్ అద్దెదారుకి చెబుతుంది. మామూలు వాడకం అరుగుదలనీ, మనిషి ఆపలేని ఉపద్రవాన్నీ మాత్రం మినహాయించింది. తుపానుకి పడిన చెట్టు మీ ఖాతాలోకి రాదు.

నా లెక్కలో కాయ ఎవరిదో చెట్టు ఖర్చూ వాళ్లదే. దింపు కూలీ కాయలమ్మిన డబ్బులోంచి పోవాల్సిందే, అది మిమ్మల్ని అడగడం అన్యాయం. ఊడ్చడం, పూలమొక్కలకి నీళ్లు, రాలిన కమ్మలు ఎత్తడం మీవి. ఎరువులు ఓనరువి.

కొబ్బరితోట_అంబాజీపేట
ఆ రెండు చెట్లు ఎందుకు పోయాయో తేలకుండా విలువ కట్టడం తప్పండి. కొట్టించేముందు చెట్టు దగ్గర నిలబడి చూడండి. మొవ్వు (నడినెత్తిన లేత ఆకు) వాడిపోయి, మానుకి కన్నాలు పడి, వాటిలోంచి ఎర్రటి జిగురూ నమిలిన పీచూ వస్తుంటే ఎర్రముక్కు పురుగు. మాను అడుగునుంచి గోధుమరంగు జిగురు కారుతూ పైకి పాకితే గానోడెర్మా తెగులు. అది మట్టిలోంచి వేళ్లకి పట్టేది, నీళ్లు పెట్టినంత మాత్రాన ఆగేది కాదు. ఈ రెంటిలోనూ అద్దెదారు తప్పు వెతకడం కష్టం. కమ్మలు విసనకర్రలా కత్తిరించినట్టుంటే కొమ్ము పురుగు. అది పెంటకుప్పలో పెరుగుతుంది కాబట్టి పెరట్లో పెంట పోసింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఆకు పైన నల్లమసి, కింద తెల్లటి చుట్టలు కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ. కాయ తగ్గుతుంది గానీ దాంతోనే చెట్టు చావదు.

"వేసవిలో కాలువ కట్టేశాక నీళ్లు పెట్టలేదు, అందుకే చచ్చింది" అని ఓనర్లు అంటుంటారు. నీళ్లు చాలకపోతే ముందు పిందె రాలుతుంది, కమ్మలు వాలతాయి. మన ఒండ్రు నేలలో కాపుకొచ్చిన చెట్టు ఒక్క నెలకే చచ్చిపోదు. రెండేళ్ల మొక్కైతే చస్తుంది, ఆ బాధ్యత మీది. గ్రామ ఉద్యాన సహాయకుణ్ణి పిలిచి చూపించి, కారణం కాగితం మీద రాయించుకోండి. ఫోటో కన్నా అది గట్టిది.

ఎరువుల బిల్లు కూడా సరిచూడండి. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేటు 2 కిలోలు, పొటాష్ 2 కిలోలు, రెండు దఫాలుగా పాదులో వేస్తారు. 9 చెట్లకి 9, 18, 18 కిలోలు. అంతకు మించి రాస్తే ఎందుకో అడగండి.

మోటార్ల_షెడ్డు
రీవైండింగు చేసిన మేస్త్రీని అడిగితే సగం తగువు అక్కడే తీరిపోతుంది. సింగిల్ ఫేజు మోటారులో స్టార్టింగ్ వైండింగు (మోటారుని కదిలించే తీగచుట్ట) ఒక్కటే మాడితే కెపాసిటరో స్విచ్చో పోయినట్టు. వస్తువు పాతబడింది, ఓనరు ఖర్చు. చుట్లన్నీ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైంది, లేదా వోల్టేజీ తక్కువ. పంపు సీలు (నీళ్లు కారకుండా ఆపేది) మాడి ఉంటే నీళ్లు లేకుండా నడిచింది. వేసవిలో బావిమట్టం దిగినప్పుడు ఫుట్‌వాల్వు (పీల్చే గొట్టం అడుగున ఉండే కవాటం) నీళ్ల పైకి బయటపడి జరిగేది ఇదే. చూసుకోకుండా వదిలేస్తే వాడినవారు భరించాలి. కొత్తగా దిగేవాళ్లు మోటారుకి విడిగా సబ్‌మీటరు పెట్టించుకోండి. 1 హెచ్‌పీ గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్.

పెరటిల్లు_అమలాపురం
మోటారు బాగుచేయించిన డబ్బు నేనే కట్టాను. ఈ నెల అద్దెలో తగ్గించి ఇవ్వచ్చా?

ఒప్పందాల_గుమాస్తా
ఆగండి. 108లో తగ్గించుకునే హక్కు ఉంది గానీ, ఓనరు చేయించి తీరాల్సిన మరమ్మతుకే. ముందు తెలియజేసి, తగిన గడువు ఇచ్చి ఉండాలి. మీ ఒప్పందంలో మోటారు ఓనరుదని రాసి లేదు కదా. అద్దెలో కోసుకుంటే బకాయి అన్న వంకతో ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. అద్దె పూర్తిగా కట్టి, ఖర్చు వేరుగా రాతపూర్వకంగా అడగండి. రిజిస్టరు పోస్టులో, బిల్లుల నకళ్లతో, 15 రోజుల గడువు పెట్టి.

జవాబు రాకపోతే నేరుగా దావాకి వెళ్లొద్దు. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి తీసుకుంటారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి అంకెలు సరిచూసుకునే సంతకం పెట్టండి. వివరాలకి 15100కి ఫోన్ చేయవచ్చు.

ఒప్పందం మళ్లీ రాసుకునేవాళ్లు ఇలా రాయండి: "కొబ్బరి, మామిడి ఫలసాయం యజమానిది, దింపు, ఎరువు, పురుగుమందు ఖర్చు యజమానిది. ఊడ్చుట, పూలమొక్కలకు నీరు, మోటారు కరెంటు అద్దెదారువి. మోటారు మరమ్మతు కారణాన్ని బట్టి." కాయలు అద్దెదారుకే వదిలేస్తే మొదటి వాక్యం తిరగరాయండి. దిగిన రోజు చెట్ల సంఖ్య, ఒక్కోదాని స్థితి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

కొబ్బరితోట_అంబాజీపేట
కడియం నర్సరీల నుంచి మీరు తెచ్చి పాతిన మొక్కలుంటే మీరు తీసుకుపోవచ్చు. అయితే తాళం అప్పజెప్పకముందే తీయాలి, గోతులు పూడ్చి నేల ముందున్నట్టు చెయ్యాలి. అప్పజెప్పాక వెనక్కెళ్లి అడిగితే ఆ హక్కు ఉండదు.