మూడు శాఖల మధ్య ఆగిపోయిన సినాప్సిస్: ఫ్లోరైడు మీటరు పరిశోధనను ఎక్కడ నమోదు చేసుకోవాలి?

ప్రశ్న: అనంతపురం అయ్యవారు

అందరికీ నమస్కారం. నేను కళ్యాణదుర్గం వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఎలక్ట్రానిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఉద్యోగంలో చేరిన తరువాత ఎంఈడీ కూడా పూర్తిచేశాను. మా వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తొమ్మిదో తరగతిలో హాజరు పిలుస్తూ తలెత్తి చూస్తే, పలికిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలే ముందు కంటపడతాయి. ఆ పిల్లల చేతనే ఫ్లోరైడు కొలిచే మీటరు తయారు చేయించి, వాళ్ల ఊళ్ల బోర్ల దగ్గరా కుళాయిల దగ్గరా కొలతలు తీయించి, దాన్నే పరిశోధనాంశంగా తీసుకోవాలని పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాశాను.

అందులో మొదటిది తక్కువ ఖర్చుతో మీటరు నిర్మాణం. రెండోది పిల్లల మూత్రంలో ఫ్లోరైడును కొలిచి నీటి రీడింగులతో పోల్చడం. మూడోది, మీటరును తమ చేతులతో కట్టిన పిల్లలకు కొలత, కొలతలో దోషం అనే భావనలు మామూలు పాఠం విన్నవారికంటే బాగా పట్టుబడతాయా అన్నది పరీక్షించడం. సినాప్సిస్ ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఎలక్ట్రానిక్స్ వారు ఇది బడి పని అన్నారు. జీవరసాయనశాస్త్రం వారు మీకు కెమిస్ట్రీ ఎక్కడిదని అడిగారు. విద్యాశాస్త్రం వారు సర్క్యూటు బొమ్మ కనబడగానే ఫైలు మూసేశారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు గానీ ముగ్గురి మాటా ఒకటే: ఇది మాది కాదు. దీన్ని ఎలా కత్తిరించి ఏ శాఖలో నమోదు చేసుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కర్నూలు సోల్డరింగు

అయ్యవారికి నమస్కారం. నేను ఇంజినీరింగు కళాశాలలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చెబుతాను. శాఖ సంగతి తరువాత చూద్దాం. ముందు మీ మీటరు దేన్ని కొలవగలదో లెక్క వేయండి, ఎందుకంటే మిగతా రెండు భాగాలకూ అదే పునాది. మీరు వాడబోయేది లాంథనం ఫ్లోరైడు స్ఫటికమున్న ఎలక్ట్రోడు అనుకుంటున్నాను. ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు 1966లో ప్రకటించిన ఆ ఎలక్ట్రోడునే నేటికీ ప్రయోగశాలల్లో వాడుతున్నారు. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడు గాఢత పది రెట్లు మారినా దాని వోల్టేజీ మారేది 59.16 మిల్లీవోల్టులే. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఈ రెండు అంకెల మధ్య దూరం మీ ఎలక్ట్రోడు దగ్గర 10.4 మిల్లీవోల్టులు మాత్రమే.

ఇప్పుడు ఆర్డ్యూనో ఊనో అనే చిన్న కంప్యూటరు బోర్డు తీసుకోండి. అందులో వోల్టేజీని అంకెగా మార్చే పది బిట్ల కన్వర్టరు 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది కనుక ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. అంటే ఒప్పుకోదగిన నీటికీ ఒప్పుకోరాని నీటికీ మధ్య ఆ బోర్డుకు కనిపించేవి రెండే రెండు మెట్లు. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే గాఢతలో దాదాపు 4 శాతం తేడా వస్తుంది. ఏడీఎస్ 1115 వంటి పదహారు బిట్ల కన్వర్టరు చిప్పును 2.048 వోల్టుల పరిధిలో వాడితే మెట్టు 62.5 మైక్రోవోల్టులకు దిగుతుంది. ఆ బెడద అంతటితో తీరుతుంది.

తీరనిది ఆంప్లిఫయరు బెడద. అందరి డబ్బాల్లోనూ పడి ఉండే ఎల్ఎం 358 ఆంప్లిఫయరు ఇన్‌పుట్ దగ్గర బయాస్ కరెంటు, అంటే అది తన పనికి వాడుకునే చిన్న కరెంటు, పదుల నానోఆంపియర్లలో ఉంటుంది. ఎలక్ట్రోడు నిరోధం ఒక మెగాఓమ్ అనుకున్నా, 45 నానోఆంపియర్లకు 45 మిల్లీవోల్టుల తప్పు అక్కడే పుడుతుంది. ఆ కరెంటు దాదాపు లేని, సీఏ 3140 వంటి మాస్‌ఫెట్ ఇన్‌పుట్ ఉన్నదాన్ని వాడండి. ఒక ఏడాది మా విద్యార్థులు ఎల్ఎం 358తో పీహెచ్ మీటరు కట్టి నిమ్మరసానికీ సబ్బునీళ్లకూ ఒకే రీడింగు చూపించారు. గాజు ఎలక్ట్రోడు నిరోధం ఇంకా ఎక్కువ కదా. మరొక మాట: మార్చి ఆఖరున మీ తరగతి గది 40 డిగ్రీలకు చేరితే ఆ 59.16 కాస్తా 62.1 అవుతుంది. అందువల్ల స్టాండర్డు ద్రావణాలనూ (గాఢత ముందే తెలిసినవి) నమూనాలనూ ఒకే గదిలో, ఒకే పూట కొలవాలి.

నా మటుకు నేను చెప్పేది, దీన్ని ఎలక్ట్రానిక్స్‌లో నమోదు చేయకండి. మీటరు మంచి పనితనం అవుతుంది గానీ సర్క్యూటులో కొత్తదనం ఏమిటని వైవాలో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

జవాబు: కడప జీవరసాయనం

కర్నూలు సారు వేసిన లెక్క సరైనదే, అయితే ఎలక్ట్రోడుకు కనబడేది నీటిలో విడిగా ఉన్న ఫ్లోరైడు అయాన్లు మాత్రమేనన్నది మరిచిపోకూడదు. నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలి ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని కూర్చుంటుంది. మీ పిల్లలు ఆ నీళ్లలో ఎలక్ట్రోడు ముంచి రీడింగు తగ్గిందని సంతోషిస్తారు. తగ్గింది విడి అయాన్లే కావచ్చు. అందుకే ప్రతి నమూనాకూ సమానంగా టిసాబ్ బఫరు, అంటే పీహెచ్‌నూ అయాన్ల బలాన్నీ ఒకే తీరున ఉంచే ద్రావణం, కలపాలి. లీటరు బఫరుకు 57 మిల్లీలీటర్ల గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం, 58 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల సీడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే రసాయనం) వేసి, సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్‌ను 5కూ 5.5కూ మధ్యకు తేవాలి. ఫ్లోరైడును అల్యూమినియం పట్టు నుంచి విడిపించేది ఆ సీడీటీఏ. పీహెచ్ బాగా తగ్గితే ఫ్లోరైడు హైడ్రోజన్‌తో కలిసి మరుగున పడుతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సైడు అయాన్లే ఫ్లోరైడులా రీడింగులోకి చొరబడతాయి. ఆమ్లం కలిపే పని మీదే, పిల్లలది కాదు. స్టాండర్డుకు 2.21 గ్రాముల సోడియం ఫ్లోరైడును లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వస్తుంది. దాన్ని గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో దాచి, బీరువాకు తాళం వేయండి, అది విషం.

మూత్రం భాగాన్ని మాత్రం నిర్మొహమాటంగా తీసేయమంటాను. ఒక్క పూట పట్టిన మూత్రం ఆ పూటా, ముందురోజూ ఒంట్లో చేరినదాన్ని చెబుతుంది గానీ పళ్ల మీద చారలు తెచ్చిన చిన్ననాటి నీళ్లను చెప్పదు. పైగా టీ ఆకులో ఫ్లోరైడు ఉంటుంది, టూత్‌పేస్టులో ఉంటుంది. పొద్దున టీ తాగి వచ్చిన పిల్లవాడి రీడింగును బోరుకు అంటగట్టలేరు. దానికితోడు పిల్లల నుంచి జీవ నమూనాలు తీసుకోవాలంటే సంస్థాగత నైతిక కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లల అంగీకారం కూడా ఉండాలి. వాళ్లకు మార్కులు వేసే అయ్యవారే సీసా ఇచ్చి నింపుకుని రమ్మంటే కాదనగల పిల్లలెవరు?

ఇంకొక ఆశ కూడా పుడుతుంది, ముందే చెబుతున్నాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడుకూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024లో మధ్యస్థ విశ్వాసంతో తేల్చింది. ఎలాగూ పరీక్ష పెడుతున్నాం కదా, మార్కులనూ నీటి రీడింగులనూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. ఒక పాఠశాలతో, ఒక అయ్యవారితో తేలే విషయం కాదది, పైగా ఆ ఊరి పిల్లల మీద ముద్ర పడుతుంది.

జీవరసాయనశాస్త్రం పాఠంలోకి రావాలంటే వేరే దారి ఉంది. షుగరు పరీక్షకు రక్తాన్ని బూడిదరంగు మూత గొట్టంలో ఎందుకు పడతారో పిల్లలను అడగండి. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడే. అది ఎనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని, రక్తకణాలు గ్లూకోజును తినేయకుండా ఆపుతుంది.

జవాబు: విద్యాశాస్త్రం పాతకాపు

పెద్దలిద్దరూ తమ తమ భాగాలను తామే కోసేశారు కనుక నా పని తేలికైంది. అయ్యవారూ, మీ మూడో భాగమే మీ పరిశోధన, మీటరు అందుకు పనిముట్టు. విద్యాశాస్త్రంలో నమోదు చేసుకుని, ఎలక్ట్రానిక్స్ నుంచి కో-గైడును (సహ పర్యవేక్షకుణ్ణి) అడగండి. యూజీసీ 2022 నిబంధనలు వేరే శాఖ నుంచే కాదు, వేరే సంస్థ నుంచి కూడా కో-గైడును అనుమతిస్తాయి. 1946 నాటి ఇంజినీరింగు కళాశాల నుంచి ఎదిగిన జేఎన్‌టీయూ, 1968లో పీజీ కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన శ్రీకృష్ణదేవరాయ, రెండూ అనంతపురంలోనే ఉన్నాయి; కో-గైడు కోసం ఊరు దాటనక్కరలేదు. పార్ట్‌టైముకు మీరు ఉద్యోగం చేసే విద్యాశాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పనిసరి. గడువు మూడేళ్ల నుంచి ఆరేళ్లు, కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు.

అయితే మీ సినాప్సిస్‌లో అసలు లోపం శాఖల గొడవ కాదు. మీ బడిలో మీటరు కట్టించి, పక్క ఊరి బడిలో పాఠం చెప్పించి, రెండుచోట్లా మార్కులు పోలుస్తానంటే, ఒక్కో బడిలో అరవై మంది ఉన్నా మీ దగ్గర ఉన్నవి నూట ఇరవై నమూనాలు కావు, రెండే. తేడా మీటరు వల్ల వచ్చిందో, మీరు హుషారుగా చెప్పడం వల్ల వచ్చిందో ఎవరూ విడదీయలేరు. ఆరు, ఎనిమిది బడులను తీసుకుని, చీటీలు వేసి సగం బడుల్లో మీటరు కట్టించండి. మిగతా సగంలో తయారైన మీటరును చేతికిచ్చి అవే కొలతలు తీయించండి. అప్పుడు మీరు పోల్చేది కట్టడాన్నీ వాడడాన్నీ మాత్రమే. బోరునీళ్ల ఊళ్లూ, సత్యసాయి తాగునీటి పథకం కుళాయిలున్న ఊళ్లూ రెండు వైపులా కలిసేలా చూసుకోండి. జవాబు పత్రాలు ఏ బడివో తెలియని ఇద్దరి చేత దిద్దించండి, మీరు దిద్దవద్దు.

ప్రశ్నపత్రంలో నిర్వచనాలు అడగకండి. ‘బోరు నీళ్లకు మీటరు 1.4 చూపింది. ఈ మీటరులో 0.2 అటూ ఇటూ తేడా ఉంటుంది. సర్పంచికి మీరేమని రాస్తారు?’ అని అడగండి. 1.5 లోపే కదా, తాగవచ్చు అని రాసినవాడికీ, 1.2 నుంచి 1.6 వరకు ఏదైనా కావచ్చు, మళ్లీ కొలవాలి అని రాసినవాడికీ మధ్య ఉన్న దూరమే మీ థీసిస్.

ప్రశ్న అడిగినవారు: అనంతపురం అయ్యవారు

అందరికీ కృతజ్ఞతలు. మూత్రం భాగం తీసేశాను; కడప మేడం అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కర్నూలు సారు చెప్పిన చిప్పు, ఆంప్లిఫయరు మార్చి, బఫరు కలిపి, లీటరుకు 10, 1 మిల్లీగ్రాముల స్టాండర్డులతో నేను చూస్తే తేడా 56 మిల్లీవోల్టులు వచ్చింది. తరువాత పిల్లలు మూడు జట్లుగా అదే పని చేశారు. ఒక జట్టుకు 56, ఒక జట్టుకు 55, మూడో జట్టుకు 41 వచ్చాయి. మూడో జట్టు 10 స్టాండర్డును కొలిచి, గ్లాసు వంచేసి, కడగకుండా అందులోనే 50 మిల్లీలీటర్ల 1 స్టాండర్డు పోసిందట. 56 పరవాలేదా? ఆ 41ని పట్టికలో నుంచి కొట్టేయవచ్చా?

జవాబు: విద్యాశాస్త్రం పాతకాపు

కొట్టేయకండి. ఎందుకలా వచ్చిందో ఆ జట్టు చేతనే రాయించి, ఆ కాగితాన్ని తేదీ వేసి ఫైలులో పెట్టండి.

జవాబు: కర్నూలు సోల్డరింగు

54 నుంచి 60 మధ్య ఏది వచ్చినా ఎలక్ట్రోడు బాగున్నట్లే. 41 గురించి సరదాకు లెక్క వేశాను: 15 మిల్లీవోల్టులు తగ్గాయంటే ఆ గ్లాసులో 1 కాస్తా దాదాపు 1.85 అయి ఉండాలి, అందుకు అడుగున 5 మిల్లీలీటర్ల పాత ద్రావణం మిగిలితే చాలు. ఈ అంకె పిల్లలకు చెప్పకండి. అదే గ్లాసులో మంచినీళ్లు పోసి, వాళ్లు వంచేసిన తీరులోనే మళ్లీ వంచమని, అడుగున మిగిలినదాన్ని సిరంజితో లాగి కొలవమనండి.