తాతగారి 190 ఎస్ఎల్ సీట్లు: తోలు మార్చాలా, ఉన్నదే నిలబెట్టుకోవాలా?

మారేడ్‌పల్లి_మనవడు:

అందరికీ నమస్తే. మాది వెస్ట్ మారేడ్‌పల్లి. మా తాతగారి బండి మెర్సిడెస్ 190 ఎస్ఎల్, 1959 మోడల్, ఆయన పోయాక పదకొండేళ్లు షెడ్డులో టార్పాలిన్ కిందే ఉండిపోయింది. పోయినేడాది ఇంజన్ పని చేయించా, బ్రేకులు కూడా అయ్యాయి, ఇప్పుడు రోడ్డు మీదకి వస్తోంది. మిగిలింది లోపలి పని, అక్కడే ఆగిపోయా.

సీట్లు ఎర్ర తోలు. డ్రైవర్ సీటు ఎక్కి దిగే వైపు అంచు చిరిగి లోపల పీచు కనిపిస్తోంది, కుట్లయితే గోరు తగిలినా ఊడిపోతున్నాయి. ప్యాసింజర్ సీటు అంతా సన్నసన్న పగుళ్లే కానీ ఎక్కడా చిరగలేదు. ఇంకో సంగతి, తాతగారు ప్రతి దసరాకి ఆయుధపూజ చేసి సీట్లకి కొబ్బరినూనె పట్టించేవారు, చిన్నప్పుడు ఆ గుడ్డ నా చేతికే ఇచ్చేవారు. ఇప్పుడు ఆ తోలు చాలాచోట్ల నల్లబడింది, డ్రైవర్ సీటు వీపు మీద పసుపు కుంకుమ మరకలు అలాగే ఉన్నాయి.

ఇద్దరు ముగ్గురికి చూపించా. అందరిదీ ఒకటే మాట, మొత్తం పీకేసి ఫోమ్ పెట్టి కొత్త రెగ్జిన్ వేసేద్దాం సార్, నాలుగు రోజుల పని అని. నమూనాకి ఒక డోర్ ప్యాడ్ ఇచ్చా ఒక చోట, కొత్తది చేసిచ్చారు, పాత తోలేది అంటే చెత్తలో వేసేశాం దాంతో ఏం పని అన్నారు. అరవై ఏళ్ల పైబడిన తోలు అది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే సీట్లు ఎవరికీ ఇవ్వకుండా ఇక్కడ అడుగుతున్నా. ఉన్న తోలుని కాపాడొచ్చా? కాపాడలేకపోతే కొత్తది ఎలా వేయించాలి, ఏం తోలు, ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

కుషన్_పని_నాంపల్లి:

అన్నా, ముందుగాల ఒక్క మాట, పాత కవర్ ఇంక ఎవ్వలకీ ఇయ్యకు. నీ బండికి కంపెనోడు ఇచ్చిన నమూనా అంటే అదే, అది పోతే ఎంత పెద్ద ఉస్తాద్ అయినా అందాజతోనే కుడ్తడు. మా నాయిన, నేను ఇద్దరం కుషన్ పనోళ్లమే, పాత బండ్లు మస్తు చేసినం, పాతది పారేసినంక బాధపడ్డోళ్లనే ఎక్కువ చూసిన.

ఆ సీటు లోపల ఏముంటదో చెప్త. కింద ఇనుప ఫ్రేము, దాని మీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద గోనెపట్ట, దాని మీద రబ్బరు పాలు పట్టించిన పీచు ప్యాడ్, దాని మీద పల్చగ దూది, అన్నిటికన్న పైన తోలు. నీకు కనిపిస్తున్న పీచు ఆ ప్యాడ్‌దే. ఆ కాలం మెర్సిడెస్ సీట్లల్ల గుర్రం వెంట్రుకలో కొబ్బరి పీచో ఉంటది, రబ్బరుతోని అతికించి. మన పరుపుల షాపుల్ల రబ్బరైజ్డ్ కాయర్ షీటు అని అమ్ముతరు చూడు, ఆ జాతిదే. అంటే జర్మనీ నుంచి తెప్పించాల్సిన పని లేదు, గట్టి రకం షీటు తీస్కొని హాక్సా బ్లేడుతోని కోసి పాత ప్యాడ్ షేపుకి తేవాలె. ఫోమ్ ఎందుకు వద్దంటున్ననంటే, గోనె లేకుండ స్ప్రింగుల మీద డైరెక్ట్ ఫోమ్ పెడితే ఆ తీగలు రోజూ కొంచెం కొంచెం కోస్కుంట పోతయి, మన ఎండకి వానకి కొన్నేండ్లల్ల అది పిండి లెక్క రాలుతది. పీచుల గాలి ఆడతది, ఫోమ్ల అంత ఆడది.

విప్పేటప్పుడు తొందర పడకు. ఒక్కొక్క పొర తీసినప్పుడల్ల ఫోటో కొట్టు, పక్కన టేపు పెట్టి కొట్టు. కవర్ తీసినంక కుట్లు బ్లేడుతోని విప్పి ఒక్కొక్క ముక్కకి వెనకాల నెంబరు రాయి, ఎడమ కుడి రాయి, ముందు వెనక రాయి, రెండు ముక్కలు కలిసే చోట అడ్డంగ చిన్న గీతలు పెట్టుకో, కుట్టేటప్పుడు గా గీతలు కలవాలె. స్ప్రింగు విరిగిందా ఉందా చూస్కో, ఫ్రేముకి తుప్పు ఉంటె బ్రష్షు కొట్టి ప్రైమర్ వెయ్యి. ముక్కుకి మాస్కు కట్టుకో, ఆ దుమ్ము మంచిది కాదు.

దారం గురించి. పాత నూలు దారం కుళ్లిపోయింది, అందుకే గోరు తగిల్తె ఊడుతున్నయి, తోలుది తప్పు కాదు. బాండెడ్ పాలిస్టర్ వాడు, ఎండకి అది నైలాన్ కన్న బాగ ఆగుతది. కుట్టు మరీ దగ్గర దగ్గర వెయ్యనియ్యకు, 4 ఎంఎం అటు ఇటు ఉండాలె, దగ్గరైతే పోస్టల్ స్టాంపు లెక్క సూది రంధ్రాల మీదనే చిరుగుతది. తోలుకి పడ్డ రంధ్రం పూడదు, బట్ట లెక్క విప్పి మళ్ల కుట్టుడు ఉండదు, జర యాదిల పెట్టుకో.

తోలు_సంచులు_సైనిక్‌పురి:

కుషన్ అన్న చెప్పింది బంగారం. నేను తోలు సంచులు కుడతా, పాత తోలు వస్తువులు బాగుచేయడం కూడా కొంత చేస్తా, ఆ వైపు నుంచి చెప్తున్నాను.

ముందు అసలు అది తోలేనా అని చూడండి, ఎందుకంటే మెర్సిడెస్ వాళ్లు తోలుతో పాటు చాలా మంచి వినైల్ కూడా వేసేవారు, దాన్ని ఎంబీ టెక్స్ అంటారు, పై నుంచి చూస్తే పోల్చుకోవడం కష్టం. చిరిగిన చోట వెనక్కి తిప్పి చూడండి. నూగులా పీచుపీచుగా ఉంటే తోలు, అల్లిన బట్ట కనిపిస్తే వినైల్. ఒకే బండిలో రెండూ ఉండొచ్చు, కూర్చునే చోట తోలు, కనపడని చోట వినైల్. ఏది ఎక్కడ ఉందో రాసి పెట్టుకోండి.

కొబ్బరినూనె ఇక ఒక్క చుక్క కూడా వద్దండి. తాతగారు ప్రేమతోనే చేశారు, మన ఇళ్లలో చెప్పుల దగ్గర్నుంచి అన్నిటికీ అదే కదా. కానీ నూనె లోపలికి దిగి తోలుని నల్లగా చేస్తుంది, కొన్నాళ్లకి ముక్కవాసన వస్తుంది, వానాకాలంలో బూజుకి అదే తిండి. సబ్బు కూడా వద్దు, తోలుది కొంచెం పులుపు స్వభావం, మామూలు సబ్బులన్నీ క్షారం, అది పడితే తోలు గట్టిపడుతుంది. తోలు కోసమే చేసిన నీటి క్లీనర్ తీసుకుని మెత్తటి బట్టతో కొద్దికొద్దిగా తుడవండి, ముందు సీటు వెనకాల కనపడని చోట వేసి చూసి. తడిపేయకండి. బూజు ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది తుడవాలి, తోలు మీద పోయకూడదు, రంగు లేస్తుందేమో ముందు మూల మీద చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్యాసింజర్ సీటు ఉంచేయొచ్చు అనే నాకు అనిపిస్తోంది. పరీక్ష ఏంటంటే, కుట్టు పక్కన తోలు అంచుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. సాగి ఆగితే ప్రాణం ఉన్నట్టు, అప్పుడు పాత రంధ్రాల్లోంచే వంకర సూదితో చేత్తో కుట్టొచ్చు, పగుళ్లలో మెత్తగా వంగే ఫిల్లర్ నింపి, పల్చపల్చగా రంగు వేసి, పైన ఫినిష్ వేస్తే ఇంకా చాలా ఏళ్లు వస్తుంది. చినిగిన చోట లోపలి వైపు పల్చటి నూలు బట్ట అతికించాలి. అలా కాకుండా అప్పడంలా విరిగినా, వేలికి ఎర్రటి పొడి అంటినా ఆ ముక్క అయిపోయినట్టే, ఏ క్రీమూ దాన్ని వెనక్కి తీసుకురాదు, కండీషనర్ డబ్బాల మీద ఏం రాసినా సరే. డ్రైవర్ సీటు మీద బహుశా ఒకట్రెండు ముక్కలే పోయి ఉంటాయి, ఆ ముక్కలే మార్చండి, మొత్తం ఎందుకు మార్చాలి.

పసుపు మరక గురించి కంగారు పడకండి, పసుపు రంగు వెలుతురుకి దానంతటదే వెలిసిపోతుంది, కిటికీ దగ్గర నీడ వెలుతురులో పెట్టండి, ఎర్రటి ఎండలో మాత్రం కాదు. కుంకుమ వేరు, అందులో వేసే రంగుని బట్టి ఉంటుంది. నేనైతే ఆ మచ్చని అలాగే ఉంచేస్తాను.

బేగంపేట్_రోడ్‌స్టర్:

నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమీ అనుకోవద్దు. నాది కూడా అరవైల నాటి బండే, ఎనిమిదేళ్ల కింద ఫోమ్ పెట్టించా, కొత్త తోలు వేయించా, నేను వారం వారం నడుపుతా, నాకైతే హాయిగా ఉంది. పగుళ్ల తోలు మీద భయపడుతూ కూర్చోవడం కన్నా కొత్తది వేయించుకుని బండి తిప్పడమే మంచిది కదా, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని అనంతగిరి దాకా వెళ్లకపోతే బండి ఎందుకు. ఇంకోటి, బండి డేటా కార్డ్ తెప్పించుకోండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏ రంగు పెయింట్, లోపల ఏ అప్‌హోల్‌స్టరీ అని కోడ్ నెంబర్లు ఉంటాయి. 190 ఎస్ఎల్ 1955 నుంచి 1963 దాకా 25,881 బండ్లు చేశారు, తర్వాత చేతులు మారి రంగులు మార్చినవి చాలా ఉన్నాయి. మీ ఎరుపు ఫ్యాక్టరీ ఎరుపేనా అన్నది ముందు తేలాలి.

కుషన్_పని_నాంపల్లి:

భాయ్ నీ మాటల న్యాయం ఉంది, తిప్పే బండికి గట్టి సీటే కావాలె. డేటా కార్డ్ మాట కూడ సరైందే. కానీ ఫోమ్‌తోని ఒక తిరకాసు, సీటు ఎత్తు మారుతది. పాత ప్యాడ్ మనిషి కూసుంటే ఎంత దిగాల్నో అంతే దిగుతది, గట్టి ఫోమ్ పెడితే రెండు మూడు వేళ్లు పైకి ఉంటం, 190 ఎస్ఎల్ స్టీరింగ్ చక్రం పెద్దది, మోకాళ్లు దానికి తగుల్తయి. ఇంకొకటి, ఫోమ్ మీద తోలు లాగి కడితే అంచులు ఉబ్బి సోఫా లెక్క కనబడతది, ప్లీట్ గీతలు, అంటే కూసునే చోట మడిచి కుట్టిన వరస చారలు, సాపుగ రావు. ఎవలైన ఫోమే కావాలంటే పీచు ప్యాడ్ మీద పల్చటి పొర వరకు వెయ్యి, దానికి నేను కూడ వద్దనను.

మారేడ్‌పల్లి_మనవడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. చెప్పినట్టే చేశా. చిరుగు తిప్పి చూస్తే పీచే, తోలే. వేళ్లతో లాగి చూశా, ప్యాసింజర్ సీటు మొత్తం గట్టిగా ఉంది. డ్రైవర్ సీటులో కూర్చునే చోట ప్లీట్స్ ఉన్న పెద్ద ముక్క, ఆ అంచు ముక్క, రెండూ పోయినట్టే, విరిగిపోతున్నాయి. వీపు ముక్క బాగుంది, కుంకుమ ఉన్నది అదే. అది అలాగే ఉంచుతున్నా, మా అమ్మ కూడా అదే అంది. డేటా కార్డ్‌కి రాశా, ఇంకా రాలేదు.

రెండు ప్రశ్నలు. కొత్త తోలు ఎక్కడ తేవాలి, రంగు ఎలా కలపాలి? రెండోది, ప్లీట్ల మధ్య దూరం డ్రైవర్ సీటులో 38 ఎంఎం వస్తోంది, ప్యాసింజర్ సీటులో 36. ఏది కొట్టమని చెప్పాలి?

తోలు_సంచులు_సైనిక్‌పురి:

తోలుకి తమిళనాడు వైపు చూడండి, రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి టానరీలు, అంటే తోలు శుద్ధి చేసే కర్మాగారాలు. అక్కడ ఎక్కువ చెప్పుల తోలే చేస్తారు కాబట్టి అప్‌హోల్‌స్టరీ తోలు అని గట్టిగా చెప్పి అడగాలి, ఆవు తోలు, మందం 1.1 నుంచి 1.3 ఎంఎం. బ్యాగుల తోలు మందం ఎక్కువ, ప్లీట్లు మడవడానికి రాదు, బట్టల తోలు మరీ పల్చన. చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు, మొత్తం చర్మం చూసి కొనండి, మచ్చలు గాట్లు ఎక్కడున్నాయో చూసి. కూర్చునే ముక్క వెన్ను భాగం నుంచి కోయించండి, పొట్ట వైపు తోలు సాగిపోతుంది, అది కనపడని చోట్లకి చాలు.

రంగుకి బయటి తోలు చూపించకండి, అది ఎండకి నూనెకి మారిపోయింది. పైపింగ్, అంటే అతుకుల వెంబడి ఉబ్బెత్తుగా కనిపించే సన్నటి అంచు పట్టీ, దాని కింద మడిచి కుట్టిన అంచు విప్పితే అక్కడ అసలు ఎరుపు కనిపిస్తుంది, కొత్త తోలు ఆ ఎరుపుకి కలపండి. అయితే పాత వీపు ముక్క పక్కన కొత్త ముక్క మరీ మెరిసిపోతుంది కాబట్టి ఫినిష్ మాత్రం మ్యాట్‌గా వేయించండి.

కుషన్_పని_నాంపల్లి:

36, 38 రెండు కూడ నమ్మకు అన్నా. డ్రైవర్ సీటు ఏండ్ల తరబడి మనిషి బరువుకి సాగింది, ప్యాసింజర్ సీటు ఎండి ముడుచుకున్నా ముడుచుకుంటది. పైపింగ్ కింద దాగి ఉన్న చోట, కుట్టు లోపలి వైపు కొలువు, అక్కడ ఎవ్వలు కూసోలేదు, ఎండ తగల్లేదు. రెండు సీట్లల్ల నాలుగు నాలుగు చోట్ల కొలిచి రాయి. అక్కడ వచ్చిందే లెక్క. కోసే ముందు పాత బెడ్‌షీట్ గుడ్డ మీద ఒక ముక్క కుట్టిచ్చి ఫ్రేము మీద తొడిగి చూడు, సరిపోయినంకనే తోలుకి కత్తెర పెట్టనియ్యి.

మారేడ్‌పల్లి_మనవడు:

ఇప్పుడే కొలిచా అన్నా. పైపింగ్ కింద ఎనిమిది చోట్ల కొలిస్తే ఏడు చోట్ల 37, ఒక్క చోట 36న్నర. రెండు సీట్లలోనూ. ఆదివారం గుడ్డ ముక్క కుట్టించి ఫోటో పెడతా.