అప్‌డేట్: పాపను ఎన్‌సీసీలో చేర్చాం

ఎనిమిదో తరగతి చదివే మా పాపను ఎన్‌సీసీలో (స్కూలు, కాలేజీ పిల్లలకు సైనిక తరహా శిక్షణ ఇచ్చే నేషనల్ క్యాడెట్ కోర్) చేర్చాలా, చదువు దెబ్బతింటుందా అని ఆమధ్య అడిగాను కదా. చేర్చాం. స్కూలు అమ్మాయిల విభాగమైన జూనియర్ వింగ్, రెండేళ్లు. అందులో ఇచ్చే ‘ఏ’ సర్టిఫికెట్ కోసం పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. తర్వాత సైన్యంలో చేరి తీరాలన్న షరతేమీ లేదు, మా అత్తయ్యగారి టెన్షన్ అదే.

పరేడ్ ఉన్న రోజు లేపాల్సిన పనే లేదు! బెల్టు బకిల్‌కు బ్రాసో పాలిష్ రుద్ది, బూట్లు తళతళలాడేదాకా వదలదు. మొదట్లో ఎండలో ‘సావధాన్’లో (కదలకుండా నిటారుగా) నిలబడి కాళ్లు లాగేస్తున్నాయని ఏడ్చింది. ఇప్పుడు ‘దాహినే ముడ్’ (కుడికి తిరుగు) అంటూ తమ్ముడికి డ్రిల్లు నేర్పుతోంది. లెక్కల్లో మార్కులు కాస్త తగ్గాయి, ట్యూషన్ వేళ మార్చాం.

క్యాంపులో .22 రైఫిల్ పేల్చాలని తెగ ఆశపడుతోంది. పది రోజులు ఇల్లు వదిలి ఉండగలదా అని నాకింకా బెంగే, అయినా పంపుతున్నాం.