మామయ్య కాలి వేళ్లు నల్లబడ్డాయి, మోకాలి కింద తీయక తప్పదా?

మేము చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మామయ్యకు చాలాకాలంగా షుగరు, పైగా బీడీ మానలేదు. చెప్పు కరిచిన పుండు మానక రెండు వేళ్లు నల్లగా ఎండిపోయాయి. పొడి గాంగ్రీన్, అంటే రక్తం అందక ఆ భాగం చచ్చి ఎండిపోవడం అన్నారు. ఒక సర్జన్ మోకాలి కింద తీసేద్దామంటున్నారు. మరొకరు ముందు యాంజియోగ్రామ్ (రక్తనాళంలో అడ్డు ఎక్కడుందో చూపే పరీక్ష) చేసి, మూసుకున్న రక్తనాళం తెరవగలిగితే వేళ్లతో సరిపోవచ్చంటున్నారు. చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దని ఇద్దరిదీ ఒకటే మాట.

సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తనాళాల విభాగానికి వెళ్లినవారున్నారా? యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవడం) తర్వాత గాయం మానడానికి ఎంతకాలం పట్టింది? ఆయన దోసె పెనం ముందు నిలబడి బతికే మనిషి. కృత్రిమ కాలితో అలా నిలబడి పని చేసుకుంటున్నవారుంటే చెప్పండి. పసరు వైద్యాలు మాత్రం వద్దు. అవి చెప్పడానికి మా బంధువులు చాలు.