కథలో కోచ్ అభ్యంతరం అణచివేతలా కనిపించకుండా రాయడం ఎలా?

బెంగళూరు కంఠీరవ స్టేడియం నేపథ్యంగా ఒక కథ రాస్తున్నాను. అందులో 15 ఏళ్ల తెలుగు అమ్మాయి 800 మీటర్ల పరుగు సాధన చేస్తుంటుంది. చిన్నప్పటి నుంచి తాతగారి దగ్గర పద్యాలు నేర్చుకున్నందువల్ల ఆమె మాటల్లో గ్రాంథిక పదాలు సహజంగానే దొర్లుతుంటాయి. అనంతపురం నుంచి వచ్చి స్థిరపడిన కోచ్‌కు అది నచ్చదు.

చిక్కంతా ఒక్క సన్నివేశంలో ఉంది. రెండో రౌండు చివరి మలుపులో వేగం తగ్గిన అమ్మాయి, "జంఘలో ఏదో వ్యథ మొలకెత్తింది సార్" అంటుంది. "పిక్క పట్టేసిందా, మోకాలు నొప్పా? అది చెప్పమ్మా. ఈ మాటలు ట్రాక్ మీద వద్దు" అంటాడాయన. కండరం పట్టేసినప్పుడు చేయవలసింది వేరు, కీలు నొప్పికి చేయవలసింది వేరు కాబట్టి ఆయన అడిగింది న్యాయమే.

అయినా చదివిన మిత్రులకు ఆయన అమ్మాయి తెలివిని అణచివేసే మనిషిలాగే తోచాడు. ఆయన గొంతు మెత్తబరిస్తే సంఘర్షణే పోయింది. అమ్మాయి పదాలను తేలిక చేస్తే ఆమె వ్యక్తిత్వం చెదిరింది. ఆ భాష ఆమెకు తాతగారు ఇచ్చిన ఆస్తి కనుక దాన్ని తగ్గించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. కారణాన్ని కథకుడి చేత చెప్పిస్తే వ్యాసంలా తయారైంది. కథ మొత్తం అమ్మాయి దృష్టికోణం నుంచే సాగుతుంది, దాన్ని మార్చలేను.

అమ్మాయి భాషను తగ్గించకుండా, కోచ్ కోపాన్ని చల్లార్చకుండా, ఆయన అభ్యంతరం ఆమె మీది శ్రద్ధ నుంచే పుట్టిందని పాఠకులకు ఆ సన్నివేశంలోనే తెలియాలంటే నేను ఏ మార్పు చేయాలి?