మిల్లు మూతపడ్డాక నాన్నకు తెల్లవారుజామున నిద్ర పట్టడం లేదు

విజయనగరంలో నాన్న పనిచేసే జూట్ మిల్లు సంక్రాంతి తర్వాత మూతపడింది. అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున 3 గంటలకు లేచి, అప్పుల కాగితాలు ముందేసుకుని 6 దాకా అలాగే కూర్చుంటున్నారు. పగలు బాగానే ఉంటారు, తింటారు. టెన్షన్ అంతా ఆ వేళలోనే.

రాత్రి టీ మాన్పించాం. సాయంత్రాలు పెద్దచెరువు గట్టు మీద నడిపిస్తున్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. ఆ రోజు కాస్త తేలికపడ్డారు, మర్నాటికి మళ్లీ మామూలే.

డ్వాక్రా వాయిదాలు అమ్మ చూసుకుంటోంది, డబ్బు సలహా అడగడం లేదు. చుట్టాలు "ధైర్యంగా ఉండు" అంటే నాన్నకు ఇంకా చిన్నతనంగా ఉంటోంది, దయచేసి ఆ మాట వద్దు.

మీ ఇంట్లో పని పోయినవాళ్లకు ఆ తెల్లవారుజాము వేళ మనసు కుదుటపడేలా చేసింది ఏమిటి?